శరదృతువు పనివేళలు

మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. ఏటా అక్టోబరు రెండో వారం దాటేసరికి వాడి దగ్గర్నుంచి ఫొటోలు మొదలవుతాయి. ఎర్రగా, పసుపుగా మండిపోతున్న కొండలు. వీపున సంచీతో కొండదారిలో మా మరదలు. తోటవాళ్ళకి డబ్బులు కట్టి మరీ కోసుకొచ్చిన ఆపిల్ బుట్ట. పెరట్లో తనంత గుమ్మడికాయ పక్కన నిలబడ్డ మా మేనల్లుడు. కింద ఒక మెసేజి: "ఫాల్ కలర్స్ పీక్‌లో ఉన్నాయక్కా. మీకక్కడ ఇలాంటి సీజన్ ఉండదుగా, పాపం."

ఆ 'పాపం' దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. వాడేమీ అమెరికాలో పుట్టలేదు. బెజవాడ గుణదలలో, ఇప్పుడు మేముంటున్న ఈ ఇంట్లోనే పుట్టాడు. ఈ పెరట్లోనే సీతాఫలం చెట్టెక్కి కొమ్మ విరగ్గొట్టి నాన్న చేత తన్నులు తిన్నాడు.

అయితే నిజం ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళు నేనూ వాడి మాటే నమ్మాను. బెజవాడలో మూడే కాలాలు, ఎండ, మరీ ఎండ, వానలో ఎండ అని నలుగురిలో జోకులు కూడా వేసేదాన్ని. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. మా లైనులో వాళ్ళకి చెప్పక్కర్లేదు, సెప్టెంబరు 30 అంటే ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుల గడువు, అక్టోబరు 31 అంటే ఆ రిటర్నుల గడువు. ఒక్కో ఏడు పొడిగిస్తారు. పొడిగిస్తారా లేదా అనే టెన్షన్ మాత్రం ప్రతి ఏడూ ఉంటుంది. వినాయకచవితి నిమజ్జనాలు అయిన దగ్గర్నుంచి దీపావళి దాకా పొద్దున్న తొమ్మిదింటికి ఏసీ గదిలో దూరితే మళ్ళీ బయటపడేది రాత్రి తొమ్మిదికే. శరత్తు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా బ్యాంకు స్టేట్‌మెంట్ల కట్టలు, ఫోన్ ఎత్తని క్లయింట్లు. అలాంటిదాన్ని మన దగ్గర రుతువులు లేవని తీర్పిచ్చేదాన్ని. హాలు బయట స్కూటర్ స్టాండులో నిలబడి సినిమా బాగాలేదన్నట్టు.

మనకి శరత్కాలం లేదనేవాళ్ళతో నా గొడవ ఇదే. అది ఉంది. కాకపోతే దానికి పనివేళలున్నాయి, అవి మన ఆఫీసు వేళలు కావు.

చిన్నప్పుడు బడి గోడకి వేలాడిన రుతువుల చార్టు గుర్తు తెచ్చుకోండి. వసంతంలో చెట్లు చిగిర్చి పూలు పూయును. గ్రీష్మంలో ఎండలు మెండుగా కాయును. శరదృతువు దగ్గరికొచ్చేసరికి 'మంచి వెన్నెల కాయును', అంతే. ఆకులు రాల్చే డ్యూటీ శిశిరానికి వేశారు, అంటే మాఘ ఫాల్గుణాలకి. ఆ చార్టు మన నేలని చూసి రాసినదే, తప్పేమీ లేదు. మన దగ్గర వేప ఆకు రాల్చేది కూడా శివరాత్రి అటూ ఇటూగానే. గొడవెక్కడ వచ్చిందంటే, ఇంగ్లీషు ఆటమ్‌ని కొందరు శరత్తు అన్నారు, కొందరు ఆకురాలు కాలం అన్నారు. రెండూ ఒకటేనని మన బుర్రల్లో పడిపోయింది. ఇక అక్టోబరులో చెట్టుకేసి చూస్తే ఆకు రాలదు, పైగా వానకి కడిగిన పళ్ళెంలా మెరుస్తూ ఉంటుంది. కాబట్టి మనకి ఆ సీజన్ లేదని తేల్చేశాం.

ఈ విషయంలో నాకు బుద్ధి చెప్పింది చిక్కుడు పాదు.

అమ్మ ఆరు నెలలు తమ్ముడి దగ్గరికి వెళ్ళిన ఏడు పెరడు నా మీద పడింది. ఆషాఢంలో అమ్మ పెట్టి వెళ్ళిన చిక్కుడు గింజలు మొలిచి, తీగలు పాకి, పందిరి నిండిపోయి, పక్కింటి పిన్నిగారి గోడ కూడా ఎక్కేశాయి. ఆకే ఆకు. శ్రావణం పోయింది, భాద్రపదం సగం పోయింది, ఒక్క పూత లేదు. గొడ్డు పాదు అనుకున్నాను. ఓ ఆదివారం కత్తిపీట తీసుకుని మొదలంటా కోసి పడేశాను. ఆ రాత్రి ఫోన్లో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దానికి పొద్దు తగ్గాలే పిచ్చిమొహమా. దసరా రావాలి. ఇక్కడ ఆకులు ఎర్రబడుతున్నాయి, అక్కడ చిక్కుడు పూతకొచ్చే వేళ. ఇంకో పదిహేను రోజులు ఆగలేకపోయావా?" అంది.

అమ్మ చదివింది ఎనిమిదో తరగతి. కానీ ఆ మాట వృక్షశాస్త్రం. మన పాతరకం పందిరి చిక్కుడు పగటిపొద్దు తగ్గితే గానీ పూత పట్టదు. చామంతి కూడా అంతే. (ఇప్పుడు ప్యాకెట్లలో వచ్చే పొట్టి చిక్కుడు రకాలకి ఆ పట్టింపు లేదు, ఎప్పుడు పెట్టినా కాస్తాయి.) మన ఊళ్ళో జూన్‌లో పగలు పదమూడు గంటల పైచిలుకు ఉంటుంది, డిసెంబరులో పదకొండు గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. మనం గమనించం. చిక్కుడు గమనిస్తుంది. సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ సమానమై, అక్కణ్ణించి రాత్రిది పైచేయి అవుతుంది. తమ్ముడి వీధిలో మేపుల్ చెట్టుకి అందేదీ ఆ కబురే. అక్కడ దానికి చలి కూడా తోడవుతుంది, ముందు మంచు కాలం ఉంది, అందుకని చెట్టు ఆకులోని పచ్చదనాన్ని విడగొట్టుకుని, పనికొచ్చే సరుకు లోపలికి లాక్కుని, ఆకుని వదిలించుకుంటుంది. ఇక్కడ చలి రాదు, నేలలో వాన తడి ఇంకా ఉంది. పొద్దు తగ్గిందన్న అదే కబురు విని వాళ్ళ చెట్టు దుకాణం కట్టేస్తే మా పాదు దుకాణం తెరుస్తుంది. వాడు పంపే ఎర్రాకుకి జవాబు మా పందిరి మీది ఊదారంగు చిక్కుడు పూత. ఇందులో పాపం అనాల్సిందేముంది?

పెరడు గురించి రాసేటప్పుడు నాకు నచ్చని ఒక వాదన ఉంది. మన కూరలు మనమే పండించుకుంటే ఖర్చు కలిసొస్తుందంటారు. కలిసిరాదు. మా ఆఫీసులో ఓ కుర్రాడు పోయినేడు పనిగట్టుకుని నా చేత లెక్కలు చెప్పించాడు. ఎర్రమట్టి ఆటో బాడుగ, వేపపిండి, పందిరికి వెదురుకర్రలు, కట్టినవాడి కూలి, మోటారు కరెంటు. "పందిరికి డిప్రిసియేషన్ కూడా వేశాను మేడమ్. సొరకాయ ఒక్కోటి మీకు నూట ముప్పై రూపాయలు పడింది. రైతుబజార్లో ఇరవై" అన్నాడు. లెక్కంతా తిరగేసి చూశాను. ఎక్కడా తప్పు లేదు. ఆరోగ్యం వాదన కూడా అంతంతమాత్రమే. ఏడాదిలో మేము తినే కూరల్లో పదో వంతు కూడా ఆ పెరడు ఇవ్వదు. మిగతా తొమ్మిది వంతులూ అందరిలాగే బజారువే.

మరి ఎందుకంటే, బజారు మన దగ్గర్నుంచి కాలాన్ని లాగేసుకుంది. బీరకాయ పన్నెండు నెలలూ ఉంటుంది, కాలీఫ్లవర్ మే నెలలో కూడా ఉంటుంది. ఏ నెలలో ఉన్నామో కూరగాయల సంచీ చూసి చెప్పలేం. పెరడు అలా కాదు, ఉన్నప్పుడే ఉంటుంది. గోంగూర ముదిరి ఆకు తగ్గిందంటే కాడలు దీపావళి దివిటీలకి సిద్ధమైనట్టు. నూనెలో ముంచిన గుడ్డ పీలికలు ఆ గోగు కాడలకి కట్టి వీధిలో తిప్పించేది అమ్మ, ఇప్పటికీ మా సందులోని అపార్ట్‌మెంటు పిల్లలు కాడల కోసం మా ఇంటికే వస్తారు. నేల మీద బచ్చలి తీగ బలిసి, కంద మొక్క ఆకు పండి వాలిందంటే కార్తీకం వచ్చేసినట్టు. కంద బచ్చలి కూర ఏ నెలలోనైనా వండుకోవచ్చు. కానీ రెండూ ఒకేసారి పెరట్లో చేతికొచ్చినప్పుడు వండితే, సమారాధనల్లో ఆ కూరే ఎందుకు వడ్డిస్తారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

సొరకాయ సంగతి వేరు. అది నాతో రాత్రి డ్యూటీ చేయించింది.

సొరపువ్వు సాయంత్రం పొద్దువాలాక విచ్చుకుంటుంది. తెల్లగా, నలిపిన మల్లు గుడ్డలా ఉంటుంది. మగపువ్వుకి పొడుగాటి సన్నని కాడ. ఆడపువ్వుకి కాడ ఉండాల్సిన చోట బొటనవేలంత పిందె, పిందె మీద సన్నటి తెల్లని నూగు. ఊళ్ళో పొలాల్లో అయితే రాత్రి తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. మా సందులో వీధిలైట్లు, ఇళ్ళకి దోమల మందు, ఇంక పురుగెక్కణ్ణించి వస్తుంది? పిందెలన్నీ మూడో రోజుకి పసుపుపచ్చగా మాడి రాలిపోయేవి. ఓ రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీసు నుంచి వచ్చి, హ్యాండ్‌బ్యాగ్ మెట్ల మీద పెట్టి, ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని పందిరి కిందికి దూరాను. మగపువ్వు తుంచి, రేకలు వెనక్కి విరిచి, మధ్యలోని పుప్పొడి కాడని ఆడపువ్వు లోపల మూడు చోట్ల మెల్లగా అద్దాను. వేలికి పసుపు అంటింది. మావారు కిటికీలోంచి చూసి, "దొంగెవడో అనుకున్నా. అన్నం తినవా?" అన్నారు. వారం తిరిగేసరికి ఆ పిందె మెడ వంచుకుని లావెక్కింది. రాలిపోలేదంటే నిలిచినట్టే. నూట ముప్పై రూపాయల సొరకాయ అదే. ఆ రాత్రి ముందు ఇరవై ఏళ్ళుగా తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చి నేను నేరుగా టీవీ ముందు కూర్చునేదాన్ని. సొరపూలు అప్పుడూ పూసే ఉంటాయి.

మిరప నారు నాటుకున్న గుంటూరు వైపు రైతు ముందు ఈ మురిపెం చెప్పడానికి నాకు సిగ్గే. చిత్తకార్తె వాన తన చిత్తమొచ్చిన చోట కురుస్తుందంటారు. అది నా పందిరి మీద కురిస్తే ఆకులు కడుక్కుంటాయి. చేలో నీళ్ళు నిలబడితే మొక్క వేరు కుళ్ళి ఆయన అప్పు మిగులుతుంది. పెరటి తోటని వ్యవసాయం అనేవాళ్ళంటే నాకు చిరాకు అందుకే. నాది సరదా.

ఇంక కొండ.

బెజవాడ వాళ్ళకి కొండంటే రెండే అర్థాలు. ఒకటి, దుర్గమ్మ. రెండు, కారులో గంటల తరబడి వెళ్ళి అరకులోనో లంబసింగిలోనో ఫొటో దిగాల్సింది. చుట్టూ తూర్పు కనుమల తునకలు కాళ్ళకి తగులుతుంటే మనం కొండల కోసం విశాఖ వైపు పరిగెడతాం. వెళ్ళొద్దనను, నేనూ వెళ్ళాను. చెప్పేదేమిటంటే మూడు రోజుల లీవు, హోటల్ బుకింగు కావాల్సిన రుతువు నాకు ఏడాదికి ఒకసారి దొరికితే ఎక్కువ. కృష్ణ మీది వారధి దాటితే పావుగంటలో మంగళగిరి కొండ. ఆదివారం పొద్దున్న వెళ్ళి, ఎక్కి, దిగి, ఇంటికొచ్చి ఇడ్లీ తినొచ్చు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మాత్రం బుద్ధి తక్కువై ఎనిమిదిన్నరకి మెట్లు మొదలుపెట్టాను. అక్టోబరేగా, చల్లగా ఉంటుందనుకున్నాను. మూడొంతుల్లో ఒక వంతు ఎక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. మెట్టు మీద కూలబడితే, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న ఓ పెద్దావిడ నన్ను చూసి, "ఎండలో ఎవరెక్కమన్నారమ్మా నిన్ను? ఇది తెల్లారగట్ట ఎక్కే కొండ" అని కేకలేసి, సీసాలోంచి ఇంత పానకం పోసింది. మిరియం ఘాటు గొంతుకి తగిలాక గానీ లోకం కనిపించలేదు. ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. నేను కిందికి దిగాను, ఆవిడ పైకెళ్ళింది.

అప్పట్నుంచి ఐదున్నరకే మొదటి మెట్టు మీద ఉంటాను. అక్టోబరులో మనకి సూర్యోదయం ఆరింటికి అటూ ఇటూ. ఆరు నుంచి ఏడున్నర దాకా ఆ గంటన్నరే శరత్తు. ఎనిమిది దాటితే మళ్ళీ మన బెజవాడ ఎండ. ఆ గంటన్నరలో గాలి కడిగినట్టుంటుంది. వానలు దుమ్మంతా దించేసి ఉంటాయి, పొలాల్లో ఇంకా కోత పొగలు మొదలై ఉండవు. రాళ్ళ సందుల్లో తుమ్మి మొక్కలు, చిటికెన వేలి గోరంత తెల్లపూలు. తంగేడు పసుపు. కింద గాలిగోపురం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గోపురం, 153 అడుగులు, కింద నిలబడి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. పైనుంచి చూస్తే బొమ్మల కొలువులో పెట్టుకునేలా ఉంటుంది. వెళ్ళేటప్పుడు వారధి మీద కారు అద్దం దించితే కృష్ణలో లంకల మీద రెల్లు పూసి, నది మధ్యలో ఎవరో తెల్లబట్టలు ఆరేసినట్టుంటుంది. ఆగస్టులో ఎర్రగా, గట్టిగా ప్రవహించిన నీళ్ళు కాస్త కాస్త తేరుకుంటూ ఉంటాయి. అగస్త్యుడు పొడిస్తే నీళ్ళు తేరతాయని అమ్మ అంటుంది. ఆ అగస్త్య నక్షత్రం నిజంగానే కనిపిస్తుంది. అక్టోబరులో తెల్లవారుజాము నాలుగున్నర, ఐదు మధ్య మేడ మీద నిలబడి దక్షిణం వైపు చూడండి. మరీ ఎత్తున కాదు, కొబ్బరిచెట్ల తలల మీదుగా, కదలకుండా వెలిగే తెల్లటి చుక్క. దానికి చాలా పైన అంతకన్నా మెరిసేది మృగవ్యాధుడు. మొక్కలకి నీళ్ళు పోయడానికి పైకెక్కిన రోజుల్లో తప్ప నేను ఆ వేళ ఆకాశం చూసిందే లేదు.

మంగళగిరి కొండ గురించి అందరూ చెప్పేది పానకాలస్వామి సంగతి. బెల్లం పానకం శంఖంతో స్వామి నోట్లో పోస్తే సగం తాగి సగం ప్రసాదంగా వదిలేస్తాడని. అంత బెల్లం నీళ్ళు పారే చోట చీమ కనపడదని కూడా అంటారు. నేను వంగి మరీ వెతికాను, నాకూ కనపడలేదు. నాకు అంతకన్నా నచ్చింది ఇంకో ఆచారం. మధ్యాహ్నం దాటాక పైగుడి మూసేస్తారు. పొద్దువాలాక అక్కడికి దేవతలు వచ్చి అర్చన చేస్తారట, ఆ వేళ మనుషులు ఉండకూడదట. ఆ కొండకి పనివేళలున్నాయని ఎవరో ఎప్పుడో ఒప్పుకున్నారన్నమాట.

ఈ కబుర్లన్నీ ఓ రోజు మా ఇంట్లో పనిచేసే ఆవిడకి చెప్పాను. ఆవిడ గిన్నెలు తోముతూ విని, "మేము రోజూ ఎక్కుతాంగా అమ్మా. నీళ్ళ బిందెతో ఎక్కుతాం, గ్యాసు బండతో ఎక్కుతాం. మాకెవరూ ఫొటోలు తియ్యరు" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం మాట పడిపోయింది. ఆవిడ ఇల్లు కొండ మీద. బెజవాడలో కొండ కొనలు పట్టుకుని కట్టుకున్న ఇళ్ళు వేలల్లో ఉంటాయి. కింద జాగా కొనలేకే పైకెక్కారు. నాకు ఆదివారం సరదా అయిన మెట్లే ఆవిడకి రోజూ రెండు పూటలా మోకాళ్ళ నొప్పి. కొండని పొగిడే ఏ వ్యాసమూ ఆవిడ మాట దాటుకుని పోకూడదు.

పైగా కొండ ఎప్పుడూ మంచిది కాదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో వానకి నానిన కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. ఆ మర్నాడే బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచేసింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. ఆ ఏడు సగం బెజవాడకి శరత్తంటే ఇంట్లో బురద ఎత్తిపోసుకోవడం, తడిసిన పరుపులు రోడ్డు మీద పడేయడం. మా ఇంట్లో పనిచేసే ఆవిడ వాళ్ళు నాలుగు రాత్రులు కింద బడిలో పడుకున్నారు. అందుకే నాకొక నియమం ఉంది. గట్టి వాన పడ్డాక వారం రోజులు ఏ కొండా ఎక్కను. పైన ఎండ కాసినా రాతి పగుళ్ళలోకి దిగిన నీళ్ళు ఇంకా లోపలే ఉంటాయి. ఇళ్ళ కోసమో రోడ్డు కోసమో కొండ అంచుని నిలువుగా కోసిన చోట ఆ నీళ్ళే రాళ్ళని తోస్తాయి.

కొండపల్లి మాత్రం పగటిపూట, మెల్లగా చూడాల్సిన కొండ. దసరా సెలవుల్లో మా అమ్మాయిని తీసుకెళ్ళాను. అది ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. పొద్దున్న ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. నా ఆడిట్ సీజన్ కనీసం రెండు నెలల్లో అయిపోతుంది, దానిది రెండేళ్ళు. ఇన్నాళ్ళకి నాలుగు రోజులు సెలవిచ్చారు. గడువు పొడిగించారని ఈసారి నాకూ ఒక రోజు దొరికింది.

రెడ్డిరాజుల కాలం నాటి కోట అది, పద్నాలుగో శతాబ్దంది. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ, ఇంగ్లీషువాళ్ళు, అందరి చేతులూ మారింది. మా అమ్మాయి ఆ బోర్డులేవీ చదవలేదు. గోడ మీద కూర్చుని చాలాసేపు ఊరికే చూసింది. ఒకవైపు అడవి, ఇంకోవైపు ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు, వాటి వెనక కృష్ణ. "అమ్మా, ఈ పచ్చరంగులు ఎన్ని రకాలున్నాయో చూడు" అంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. టేకు ఆకు పచ్చ వేరు, గడ్డి కొసల పచ్చ వేరు. ఈ అడవిలోనే కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు ఉండాలి. ఇంట్లో ఏనుగు అంబారీ బొమ్మ ముప్పై ఏళ్ళుగా షోకేసులో ఉంది కానీ, చెట్టు ఏదని అమ్మాయి అడిగితే చూపించలేకపోయాను. కట్టె చూస్తే గుర్తుపడతాను, చెట్టు తెలియదు. తమ్ముడిని వెక్కిరించే హక్కు నాకెంతుందో అక్కడ తేలిపోయింది.

దిగేటప్పుడు దారి పక్క పొదల్లో సీతాఫలాలు కనిపించాయి. అడవివి, చిన్నవి. అమ్మాయి ఒకటి కోయబోతే ఆపాను. కళ్ళు విచ్చుకోలేదు. సీతాఫలం కోయాలంటే రంగు కాదు చూడాల్సింది, కళ్ళు. కాయ మీది బుడిపెల మధ్య గీతలు వెడల్పై, లేత మీగడ రంగు తేలితే అప్పుడు పక్వానికి వచ్చినట్టు. అంతకు ముందు కోస్తే నల్లబడి రాయైపోతుంది. మరీ ఆలస్యం చేస్తే చెట్టు మీదే పగిలి ఉడతల పాలు. మధ్యలో మూడు నాలుగు రోజులే వ్యవధి. గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళు కొండవీడు సీతాఫలాలని రోడ్డు పక్క బుట్టల్లో కొంటారు. ఆ బుట్టల వెనక ఎవరో కొండెక్కి ఒక్కో కాయ కళ్ళు చూసి కోసి ఉంటారు.

ఇంటికొచ్చి మా పెరటి చెట్టు చూశాం. తమ్ముడు కొమ్మ విరిచిన చెట్టే. ఆ విరిగిన చోట కణుపు లావుగా మూసుకుపోయి ఉంది. ఉడతలు రెండు తినేశాయి. ఇంకో ఐదు కాయలకి కళ్ళు విచ్చుకున్నాయి. నిచ్చెన నేను పట్టుకున్నాను, అమ్మాయి కోసింది. తొడిమ టప్పున విరిగినప్పుడు దాని మొహం ఐదో తరగతిలో ఉన్నట్టు అయిపోయింది. బియ్యం డబ్బాలో పెట్టి మాగేద్దామంటే అమ్మ లెక్క ప్రకారం మూడు రోజులు పడుతుంది. దాని సెలవు ఇంకా ఒక్కరోజే ఉంది.

హాస్టల్లోకి బయటి తిండి రానివ్వరు. గేటు దగ్గర బ్యాగు తెరిచి చూస్తారు. మర్నాడు సాయంత్రం దింపడానికి వెళ్ళేముందు మూడు కాయల్ని ఒక్కోటీ ఒక్కో చుడీదార్ టాప్‌లో చుట్టి, అడుగున రికార్డు పుస్తకాల పక్కన పెట్టాను. ఇరవై రెండేళ్ళుగా ఇతరుల లెక్కలు సరిచూసే మనిషిని, గేటు దగ్గర ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. మావారు నా మొహం చూడకుండా ఫోన్లో ఏదో వెతుకుతున్నారు.

ఆదివారం ఫోన్ చేసింది. వాళ్ళకి ఐదు నిమిషాలే ఇస్తారు.

"మూడో రోజుకి పండిందమ్మా. పెట్టె తెరిస్తే రూమంతా ఒకటే వాసన. వార్డెన్ మేడమ్ వచ్చేసింది."

"ఏమంది?"

"ఒకటి ఆవిడకిచ్చాను. వాళ్ళ ఊరు కొండవీడు దగ్గర యడ్లపాడంట. గింజలు పారేయకండి అని అందరి దగ్గరా ఏరుకుని వెళ్ళింది."